కుడిచెయ్యి సెలవులో ఉంది

గౌతమీపురం రవాణా శాఖ ఆఫీసుకి కరెంటు కారు వచ్చిన రోజున దానికి వేసిన పూలదండల వల్ల ముందు అద్దంలోంచి ఏమీ కనబడలేదు. కనబడకపోయినా ఫర్వాలేదనీ, ఇలాంటి కార్లలో చూడవలసిన పని మనిషికి అంతగా ఉండదనీ ఉప రవాణా కమిషనర్ జంపన రామభద్రం గారు మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇకమీదట ఆ ఊళ్ళో ఎవరికి డ్రైవింగ్ లైసెన్సు కావాలన్నా ఈ కారు నడిపే చూపించాలని కూడా చెప్పారు. దానికి చప్పట్లు కొంచెం తగ్గాయి.

ఆ కారు విశేషాల్లోకెల్లా విశేషం దాని ఇండికేటరు. మామూలు కార్లలో స్టీరింగు పక్కన పుల్లలాంటి మీట ఉంటుంది. పైకి తోస్తే ఒక వైపు దీపం, కిందికి నొక్కితే ఇంకో వైపు దీపం వెలుగుతుంది. అది పాతకాలపు పద్ధతి, అంటే పనిచేసే పద్ధతి. ఈ కారుకి మీట లేదు. స్టీరింగు చక్రం మీదే రెండు బాణం గుర్తులున్నాయి. వేలితో అలా తాకితే చాలు. తాకితే ఒక్కోసారి వెలుగుతుంది, ఒక్కోసారి వెలగదు, ఒక్కోసారి రెండోవైపుది వెలుగుతుంది. పైగా చక్రం తిప్పినప్పుడు బాణాలు కూడా దాంతోపాటు ఊరేగుతాయి కాబట్టి, సగం మలుపు తిరిగేసరికి కుడి బాణం ఎడం చేతి కిందికీ, ఎడమ బాణం కుడిచేతి కిందికీ వచ్చి కూర్చుంటాయి.

ఈ సంగతి మొదటి రోజే బయటపడవలసింది. ప్రారంభోత్సవానికి రాజధాని నుంచి వచ్చిన పెద్దాయన కారు తానే నడుపుతానని ముచ్చటపడి, సభాస్థలి వైపు తిరగబోతూ కుడి బాణం తాకారు. ఎడమ దీపం వెలిగింది. ఆయన కుడికే తిరిగారు. వెనక వస్తున్న అధికారుల బళ్ళన్నీ మాత్రం దీపాన్ని నమ్మి ఎడమకి తిరిగి, చేపల బజారులోకి వెళ్ళిపోయాయి. మర్నాడు పేపర్లో 'చేపల బజారులో అధికారుల ఆకస్మిక తనిఖీ' అని వచ్చింది. సభలో పెద్దాయన ఖాళీ కుర్చీలని ఉద్దేశించి, కారు వెన్నలా నడిచిందన్నారు. అంతటి మనిషి వెన్న అన్నాక దాన్ని రిపేరుకి పంపే ధైర్యం జిల్లాలో ఎవరికీ లేకపోయింది.

హైమావతికి ఈ చరిత్రేమీ తెలియదు. ఆవిడ తొందరలో ఆవిడ ఉంది. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఆ చదువుని ఇన్నేళ్ళూ లేత బెండకాయలు ఏరుకోవడానికి వాడుకున్న మనిషికి, చినమల్లవరం ఆడపిల్లల జూనియర్ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఇస్తామన్నారు. కాలేజీ చెరువుల మధ్య ఉంది. బస్సు హైవే మీద దింపేసి తన దారిన తను పోతుంది. అక్కడినుంచి ఆటోలు ఉండవు. "ఇంతకుముందు చేరినవాళ్ళిద్దరూ నడవలేక మానేశారమ్మా. మీరు కారు నడుపుకుంటూ వచ్చేటట్టయితేనే చేరండి" అని ప్రిన్సిపాల్ ముందే చెప్పింది. ఇంట్లో పాత కారొకటి ముసుగేసుకుని పడుకుని ఉంది. దానిమీద హైమావతి నేర్చుకుంది కూడా. నేర్చుకునేవాళ్ళకిచ్చే తాత్కాలిక లైసెన్సు, అదే ఆవిడ ఎల్లెల్లార్, దాని గడువు సరిగ్గా కాలేజీలు తెరిచే ముందు రోజుతో తీరిపోతుంది. ఆలోగా పాసవ్వకపోతే మళ్ళీ ఎల్లెల్లార్ తీసుకోవాలి, మళ్ళీ నెల ఆగాలి. అంతవరకూ కాలేజీ ఆగదు.

మొదటి పరీక్షకి వెళ్ళిన రోజున బ్రేకు ఇన్‌స్పెక్టరు పేర్రాజు పక్క సీట్లో కూర్చుని, "ముందుకెళ్ళి కుడికి తిప్పండమ్మా" అన్నాడు. హైమావతి కుడి బాణం తాకి, అద్దంలో చూసి, చక్కగా కుడికి తిప్పింది. ఎడమ దీపం టిక్కుటిక్కుమంటూ కొట్టుకుంది.

"కుడికి తిరిగేరు. ఎడమ ఏసేరు" అన్నాడు పేర్రాజు.

"కుడే నొక్కానండి. ఎడమ వెలిగింది."

"నొక్కడం మీ అభిప్రాయవండి. ఎలగడం రికార్డు."

"పోనీ మీరోసారి నొక్కి చూడండి."

"నాకు లైసెన్సుందండి. నేనెందుకు నొక్కాలి?"

హైమావతి కారు దిగింది. ఇంటికొచ్చి భర్త విశ్వనాథంతో చెప్పింది. ఆయన బ్యాంకులో పనిచేస్తాడు. తప్పు ఎక్కడ జరిగినా కౌంటరు బయట నిలబడ్డవాళ్ళదే అని ఆయన నమ్మకం.

"నీకు కంగారెక్కువ హైమా. కుడీ ఎడమా తెలియకపోతే సిగ్గుపడాల్సిందేం లేదు" అని, ఆవిడ రెండు అరచేతుల మీదా స్కెచ్ పెన్నుతో కు, ఎ అని రాసిపెట్టాడు. ఆ సాయంత్రం పిండి కలుపుతుంటే రెండూ చపాతీల్లోకి వెళ్ళాయి. ఆయన కు తిన్నాడో ఎ తిన్నాడో తెలియదు గాని, బాగున్నాయన్నాడు.

ఆ నెలలో ఊళ్ళో ఒక్కరు కూడా పాసవ్వలేదు. తప్పినవాళ్ళంతా కలిసి రామభద్రం గారి దగ్గరికి వెళ్ళారు. హైమావతి కూడా వెళ్ళింది. ఆయన అందర్నీ కూర్చోమన్నాడు. కుర్చీలు లేవు.

"వాహనంలో లోపం అన్న మాట మనం వాడకూడదు" అన్నాడాయన. "వాహనానికీ అభ్యర్థికీ మధ్య అవగాహనా రాహిత్యం అనాలి. వాహనం తన వంతు అవగాహన ఇప్పటికే సమకూర్చుకుంది. ధ్రువపత్రం ఉంది. ఇక అభ్యర్థుల పక్షం నుంచి చొరవ రావాలి."

చొరవ ఎలా రావాలో చెప్పడానికి కారు కంపెనీ తాలూకు నిపుణుడొకడు వచ్చాడు. అందరి వేళ్ళూ పరిశీలించి, గిన్నెలు తోమే వేళ్ళకి స్పర్శాస్పందన సన్నగిల్లుతుందని తేల్చాడు. గిన్నెలు తోమని మగవాళ్ళు కూడా తప్పారు కదా అని ఎవరో అడిగితే, అది కాలక్రమేణా కుటుంబంలో వ్యాపించవచ్చన్నాడు. ఆపైన పరీక్షకొచ్చేవాళ్ళంతా ప్రభుత్వ వైద్యుడి దగ్గర వేలికి యోగ్యతా పత్రం తెచ్చుకోవాలన్న ఉత్తర్వు వచ్చింది. హైమావతి వెళ్ళింది. డాక్టరు ఆవిడ చూపుడువేలు చూసి "వంచండి" అన్నాడు. వంచింది. "ఎత్తండి." ఎత్తింది. "బ్రహ్మాండంగా ఉంది" అని సంతకం పెట్టాడు.

రెండో పరీక్షలో ఆ బ్రహ్మాండమైన వేలితో ఎంత తాకినా ఏ దీపమూ వెలగలేదు. మలుపు దగ్గర పడుతోంది. వెనక ఇసక లారీ వస్తోంది. హైమావతి అప్రయత్నంగా కుడిచెయ్యి కిటికీలోంచి బయటికి చాపింది. పెళ్ళైన కొత్తలో విశ్వనాథం స్కూటరుకి ఇండికేటర్లు పనిచేసేవి కావు. "చెయ్యి చూపించు" అనడం ఆయన వంతు, వెనక కూర్చుని చూపించడం ఆవిడ వంతు. అలా ఎన్నో ఏళ్ళు ఆవిడ ఆ స్కూటరుకి ఇండికేటరుగా పనిచేసింది. చెయ్యి చూడగానే లారీ మర్యాదగా ఆగింది. కారు మాత్రం చక్రం మీద చెయ్యి తీసినందుకు గయ్‌మని ఏడుపు లంకించుకుంది.

"తప్పేరండి" అన్నాడు పేర్రాజు. "రెండు చేతులూ చక్రం మీద ఉండాలి."

"సరే."

"కానండీ, లారీ వాడికి అర్థమైందండి. ఈ బండెక్కాక ఎనకాలోడికి మన సంగతి అర్థమవ్వడం ఇదే మొదటిసారి." తప్పినట్టు కాగితం మీద రాసుకున్నాడు. "నెల్రోజుల్నించీ ఒక్కర్ని పాస్ చెయ్యలేదండి. డబ్బు కోసవే తప్పించేత్తన్నానని ఊరంతా అనుకుంటంది. మా ఆవిడైతే ఇంట్లో బీరువా ఎతికింది."

"దొరికిందా?"

"దొరకలేదని కోపవండి."

హైమావతికి జాలేసింది. నవ్వకుండా హాస్యమాడటం ఆవిడకి చిన్నప్పటినుంచీ అలవాటు. అదే కొంప ముంచింది. "దాందేముందండి పేర్రాజుగారూ, చెయ్యి చూపించడానికి వేరే మనిషిని పెట్టుకోండి" అంది.

పేర్రాజు నవ్వలేదు. "ఆయ్" అన్నాడు, ఆలోచనగా.

పది రోజులు తిరక్కుండా అనుబంధ హస్త సూచిక విధానం అమల్లోకి వచ్చింది. రామభద్రం గారు విలేకరులని పిలిచి, ఆధునిక వాహనానికి మానవీయ స్పర్శ జోడించిన తొలి జిల్లా మనదేనన్నాడు. బాణాలు బాగుచేయిస్తే సరిపోతుంది కదా అని ఒక విలేకరి అడిగాడు. "బాగుచేయడం అంటే బాగా లేదని ఒప్పుకోవడం అవుతుంది. మేము బాగున్నదాన్ని మరింత బాగు చేస్తున్నాం" అన్నాడాయన.

కుడి హస్త సూచికుడు ఒకరు, ఎడమ హస్త సూచికుడు ఒకరు కావాలని ప్రకటన ఇచ్చారు. ఒకే మనిషి రెండు కిటికీల్లోంచి చేతులు పెట్టలేడు కాబట్టి రెండు పోస్టులు. ఎడమకి నూకరాజు ఎంపికయ్యాడు. పెళ్ళిళ్ళలో వీడియోగ్రాఫరు పక్కన లైటు పట్టుకుని నిలబడ్డ అనుభవం ఉంది, అక్షింతలు పడ్డా చెయ్యి కదలదు. కుడికి సత్తిబాబు ఎంపికయ్యాడు. భూమి సర్వే వాళ్ళకి కర్ర పట్టుకునేవాడు. ఇద్దరికీ మోచేతి దాకా తెల్లని తొడుగులు కుట్టించారు. ఇద్దరూ ఒకేసారి చేతులు చాపితే బండి ఎగిరిపోతుందేమో అన్నట్టు ఉంటుందని, వాళ్ళని అదుపు చేయడానికి శేషగిరి అనే ఆయన్ని హస్త సమన్వయకర్తగా వేరే శాఖ నుంచి తెచ్చారు. బండి నడిపేవాళ్ళు చేతులతో నేరుగా మాట్లాడకూడదు. "కుడి కావాలి" అని శేషగిరికి విన్నవించుకోవాలి. ఆయన సబబనుకుంటే "కుడి మంజూరు" అంటాడు. అప్పుడు చెయ్యి బయటికి వెళుతుంది. మొదటి రోజుల్లో చెయ్యి మంజూరయ్యేసరికి మలుపు దాటిపోతుండేది. కొందరు అభ్యర్థులు పక్క ఊరిదాకా వెళ్ళి, అక్కణ్ణించి ఫోన్ చేశారు.

కిటికీలు తెరిచి ఉంచాలి కాబట్టి లోపల చల్లదనం నిలవదు. నిలవదని ఏసీ ఇంకా పెంచేవారు. దాంతో బ్యాటరీ మధ్యాహ్నానికే నీరసించేది. ఇవన్నీ తొలినాళ్ళ ఒడుదుడుకులుగా శాఖ పరిగణించింది.

పరిగణనలోకి రాని చిక్కు ఒకటే. నడిపే మనిషి ఒక సీటు. ఆ పక్కన ఎడమ కిటికీ దగ్గర నూకరాజు. వెనక కుడి కిటికీ దగ్గర సత్తిబాబు. రెండు చేతులూ కనబడేట్టు వెనక మధ్యలో శేషగిరి. మిగిలిన చోటులో తొడుగుల పెట్టె, మంచినీళ్ళ క్యాను, ప్రాథమిక చికిత్స సామాను. పరీక్ష పెట్టవలసిన పేర్రాజుకి చోటు లేదు. పై అధికారులకి విన్నవించుకుంటే, పర్యవేక్షకుడు కొంత దూరం నుంచి చూసినప్పుడే సమగ్ర దృష్టి ఏర్పడుతుందని జవాబొచ్చింది. ఆపైన పేర్రాజు ఒక ఆటో మాట్లాడుకుని, కరెంటు కారు వెనకాల పొగ వదులుకుంటూ తిరిగేవాడు. ఆ ఆటోకి ఇండికేటరు లేదు. ఎటు తిరగాలన్నా డ్రైవరు ఆ వైపు కాలు బయటికి పెట్టేవాడు. ముందు చెయ్యి, వెనక కాలు. ఊళ్ళో జనం దారిచ్చి నిలబడేవారు.

హైమావతికి మూడోసారి తేదీ దొరికేసరికి గడువులో ఆఖరి రోజైంది. మర్నాడు కాలేజీ తెరుస్తారు. పొద్దున్నే విశ్వనాథం తెచ్చి దింపాడు.

"ఈసారి కూడా పోతే ఇంక మానెయ్యి హైమా. ఇప్పుడు ఉద్యోగం లేకపోతే మనకి జరగదా?"

"మీకు జరుగుతుందండి" అని కారు దిగింది.

కారు సిద్ధంగా ఉంది. ముందు నూకరాజు, వెనక మధ్యలో శేషగిరి ఉన్నారు. కుడి కిటికీ ఖాళీ.

"సత్తిబాబు ఏడండీ?"

"సెలవమ్మా" అన్నాడు శేషగిరి. "మరదలి సీమంతం. వారం పెట్టాడు. ఈ వారం పరీక్షలు లేవు."

హైమావతి తలుపు పట్టుకుంది. "నూకరాజుని ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. అతనికీ కుడిచెయ్యి ఉంది కదా."

నూకరాజు తన కుడిచేతిని ఒళ్ళోంచి తీసి ఒకసారి చూసుకున్నాడు, ఉందో లేదోనన్నట్టు.

"ఉండొచ్చమ్మా. దాన్ని శాఖ తీసుకోలేదు" అన్నాడు శేషగిరి. "ఎడమ పోస్టువాడు కుడి చూపించాడనుకోండి, రేపు సత్తిబాబు సీనియారిటీ ఏం కావాలి? కోర్టుకెళతాడు."

"అయితే ఇవాళ ఊళ్ళో ఎవరూ కుడికి తిరగరా?"

"ఊరి సంగతి మాకు తెలియదమ్మా. శాఖాపరంగా ఇవాళ కుడి లేదు."

ఆటోలోంచి పేర్రాజు దిగి వచ్చాడు. హైమావతి కాగితం చూశాడు, గడువు చూశాడు, ఆకాశం చూశాడు. ఆవిడకి ఏడవడానికి టైము లేదు. ఈ ఆఫీసుతో మామూలు మాటలు మాట్లాడి రెండుసార్లు తప్పింది. ఎగతాళిగా అన్న ఒక్క మాట మాత్రం ఉత్తర్వుగా మారింది. అది గుర్తుకొచ్చి, మొహం మరింత గంభీరంగా పెట్టుకుంది.

"పేర్రాజుగారూ, కుడి లేకపోతే లేదు. ఉన్నంత మేరకే పరీక్ష పెట్టండి. నన్ను ఎడమకి పాస్ చెయ్యండి."

"ఎడమకా?"

"ఎడమకే. కుడి నేను అడగను."

పేర్రాజు శేషగిరి వైపు చూశాడు. శేషగిరి నియమాలన్నీ మనసులో ఒకసారి తిరగేసుకున్నాడు. ఎడమకి పాస్ చేయకూడదని ఎక్కడా లేదు. రామభద్రం గారికి ఫోన్ చేశారు. ఆయన అంతా విన్నాడు.

"ఆహా" అన్నాడు చివరికి. "దీన్నే దశలవారీ సాధికారత అంటారు. ఒకేసారి రెండు దిక్కులూ ఇచ్చెయ్యడం వల్లే కదా ఈ దేశంలో ఇన్ని ప్రమాదాలు. కానివ్వండి."

హైమావతి చక్రం పట్టుకుంది. ఆఫీసు గేటులోంచి బయటికి రాగానే, "ఎడమ కావాలి" అంది. "ఎడమ మంజూరు" అన్నాడు శేషగిరి. నూకరాజు చెయ్యి పెళ్ళి లైటులా తిన్నగా బయటికి వెళ్ళింది. ఆవిడ అలవాటుకొద్దీ ఎడమ బాణం కూడా తాకింది. కుడి దీపం వెలిగింది. దీపానికీ చేతికీ తేడా వస్తే చెయ్యే చెల్లుతుందని కొత్త నియమాల్లో ఉంది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. వెనక ఆటోలోంచి ఎడమ కాలు బయటికొచ్చింది. పోస్టాఫీసు దగ్గర ఎడమ, మార్కెట్ యార్డు దగ్గర ఎడమ, సినిమా హాలు దగ్గర ఎడమ తిరిగి, ఎక్కడ బయల్దేరిందో అక్కడికే వచ్చి, గీత మీద ఆపింది. వెనక ఆటో కూడా వచ్చి ఆగింది. పేర్రాజు దిగి, పరుగులాంటి నడకతో వచ్చి, "పాసండి" అన్నాడు. ఆ మాట అని చాలా కాలమైంది కాబట్టి ఇంకోసారి కూడా అన్నాడు. "మా ఆవిడకి ఫోన్ చేసి చెప్తానండి."

రామభద్రం గారు స్వయంగా కిందికి దిగొచ్చి కార్డు అందించాడు. అది రాష్ట్రంలోనే తొలి ఏకదిశా లైసెన్సు అన్నాడు. పేరు, పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, దాని కింద 'ఎడమ మలుపులకు మాత్రమే' అని ఉంది. "కుడికి పొడిగింపు కావాలంటే సత్తిబాబు వచ్చాక దరఖాస్తు చేసుకోండి. అతను వచ్చాక నూకరాజు సెలవు పెడతాడట. చూద్దాం."

ఆ రాత్రి విశ్వనాథం కార్డుని ఇటూ అటూ తిప్పి చూశాడు. ఆయనకి నియమమంటే భక్తి. "చట్టప్రకారం నువ్వు కుడికి తిరగకూడదు హైమా. కాలేజీ హైవేకి కుడిపక్కన కదా."

"అవునండి."

"మరెలా వెళతావు?"

"తెల్లారే లేస్తే మీకూ చూపిస్తాను."

పొద్దున్న ముసుగు తీసేసరికి పాత కారు కళ్ళు చికిలించినట్టు కనబడింది. విశ్వనాథం పక్క సీట్లో కూర్చున్నాడు. ఆ సీట్లో కూర్చోవడం ఆయనకి కొత్త, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. హైమావతి ఊళ్ళోంచి ఎడమలు ఏరుకుంటూ హైవే ఎక్కింది. చినమల్లవరం రోడ్డు కుడివైపున వచ్చింది. ఆవిడ దాన్ని చూడనట్టు దాటిపోయింది. "అదిగో, అదిగో" అన్నాడాయన. ఆవిడ ముందుకెళ్ళి రొయ్యల చెరువుల గట్టు మీదికి ఎడమకి తిరిగింది. మీట నొక్కిన ప్రతిసారీ ఏ వైపు అడిగితే ఆ వైపు దీపం వెలిగింది. మేత బస్తాలు మోసుకుపోతున్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు. గట్టు చివర మళ్ళీ ఎడమకి, ఐసు ఫ్యాక్టరీ దగ్గర మళ్ళీ ఎడమకి తిరిగేసరికి, ఎదురుగా హైవే అడ్డంగా పరుచుకుని, దానికి అవతల చినమల్లవరం రోడ్డు తిన్నగా కనబడింది. లారీలు రెండు వైపులా ఆగేవరకూ ఆగి, తిన్నగా దాటింది. తిన్నగా వెళ్ళకూడదని కార్డు మీద లేదు.

విశ్వనాథం కాలేజీ గేటు కనబడ్డాక, "సాయంత్రం రావడానికి కూడా ఇలాగేనా?" అన్నాడు.

"సాయంత్రం ఇంకా తేలికండి. హైవే మీదికి ఎడమే. మీరెలా వెళతారు మరి?"

ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది, తను అవతల బ్యాంకుకి వెళ్ళాలని, అక్కడ ఆటోలు ఉండవని. బూట్లు చేత్తో పట్టుకుని బురదలో హైవే వైపు నడవడం మొదలుపెట్టాడు.

గేటు దగ్గర ప్రిన్సిపాల్ హైమావతి కార్డు అడిగి చూసింది. కింది వరస కూడా చదివింది. "ఎడమకి మాత్రమేనా?" అంది.

"వచ్చాను కదండి."

ప్రిన్సిపాల్ గడియారం చూసింది. మొదటి గంట ఇంకా కొట్టలేదు. రిజిస్టరు ముందుకి జరిపింది.

మొదటి క్లాసులో హైమావతి ఎగబాకే మొక్కల గురించి చెప్పింది. చిక్కుడు తీగ పందిరి గుంజకి ఎప్పుడూ ఒకే వైపు చుట్టుకుంటుందనీ, మనం పట్టుకుని రెండోవైపు తిప్పి కట్టినా ఊరుకోదనీ, విడిపించుకుని మళ్ళీ తన వైపుకే తిరుగుతుందనీ చెప్పింది. ముందు బెంచీలో పిల్ల చెయ్యెత్తింది.

"ఎందుకు మేడమ్? దానికి రెండోవైపు తిరగడం రాదా?"

హైమావతి సుద్దముక్క కింద పెట్టి, చేతులు దులుపుకుంది.

"రాదని చెప్పలేమమ్మా. దానికి పరీక్ష పెట్టిన రోజున రెండోవైపు సెలవులో ఉండి ఉంటుంది."